గేటు మీదికి కాగితం పూలా, రాధామనోహరమా? ఏది పెట్టాలి, ఎలా పెంచాలి

మా గేటుకు కుడిపక్క కాగితం పూల చెట్టు, ఎడమపక్క రాధామనోహరం ఉన్నాయి. రెండూ ఒకే రోజు, ఒకే నర్సరీ నుంచి, ఒకే ఆటోలో వచ్చాయి. మొదటి రెండేళ్లు రెండింటికీ ఒకే పైపుతో, ఒకే టైముకు, ఒకేలా నీళ్లు పెట్టాను. అదే నేను చేసిన తప్పు. రాధామనోహరం గేటు దాటి, పైన ఆర్చి దాటి, కరెంటు సర్వీస్ వైరు దాకా పాకింది. కాగితం పూల చెట్టేమో పచ్చగా, బలంగా, అగ్గిపుల్లంత ముళ్లతో గోడకు అడ్డంగా ఎదిగింది గానీ రెండేళ్లలో పట్టుమని పది గుత్తులు పూయలేదు.

ఒకరోజు పొద్దున నేను పైపు పట్టుకుని నిలబడితే ఎదురింటి పెద్దమ్మ వాకిలి ఊడుస్తూ ఆగి చూసింది. "గట్ల రోజూ నీళ్లు పోస్తే అదెందుకు పూస్తది బిడ్డా, దానికేం అవసరం? జర ఎండనియ్యి" అన్నది. అంత చదువుకుని ఈ ముక్క తెలియదా అన్నట్టు అనిపించి కొంచెం చిన్నబోయాను గానీ, ఆ డిసెంబర్‌లో పైపు పక్కన పెట్టేశాను. ఫిబ్రవరికల్లా ఆకు కనబడలేదు, గోడంతా రాణీ రంగే.

మేముండేది కాజీపేట, హన్మకొండ మధ్య ఒక కాలనీలో. చుట్టుపక్కల కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి, గృహప్రవేశం కాగానే "గేటు మీదికి ఏది పెట్టమంటవన్నా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ వరుసగా రాస్తున్నాను. రెండూ ఒకసారి పెడితే ఏళ్ల తరబడి ఉండేవే, రెండూ మన ఎండకు చావవు, కానీ వాటి గుణాలు ఉత్తర దక్షిణాలు.

కొనేముందు పువ్వు చూడండి

ఎవరింటి ముందైనా కాగితం పూలు ఉంటే ఒకటి తెంపి చేతిలో పెట్టుకోండి. రంగు కాగితాల్లా ఉన్న మూడు రేకులున్నాయి కదా, అవి నిజానికి పువ్వు కాదు, రంగు మారిన ఆకులు. మధ్యలో మూడు సన్నటి గొట్టాలు, చివర చిన్న తెల్ల నక్షత్రాలు కనిపిస్తాయి చూడండి, అసలు పువ్వులు అవి. రేకును వెలుతురుకు పెడితే ఆకులో ఉన్నట్టే ఈనెలు కనిపిస్తాయి. ఆకు కాబట్టే వాసన లేదు, ఆకు కాబట్టే తొందరగా వాడదు, ఒకసారి పూసిందంటే వారాల తరబడి అట్లాగే ఉంటుంది. దీని పుట్టిల్లు బ్రెజిల్ వైపు. 1760లలో ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ ఓడలో ప్రపంచం చుట్టి వస్తున్నప్పుడు, ఆ ఓడలోనే ఉన్న కొమ్మెర్సన్ అనే వృక్ష శాస్త్రవేత్త రియో డి జనీరో దగ్గర ఈ మొక్కను సేకరించాడు, కెప్టెన్ పేరే దీనికి పడింది. మన నర్సరీల్లో బోగన్‌విల్లా అంటారు.

రాధామనోహరాన్ని మాత్రం సాయంత్రం చూడాలి. పొడుగాటి కాడలకు వేలాడే మొగ్గలు పొద్దుగూకే వేళకు తెల్లగా విచ్చుకుంటాయి, రాత్రికి గేటు దగ్గర వాసన నిండిపోతుంది. అదే పువ్వును తెల్లారి చూస్తే లేత గులాబీ, మరుసటి రోజుకు ఎరుపు. ఒక గుత్తిలో మూడు రంగులూ ఒకేసారి ఉండేది అందుకే, మొక్క మూడు రంగులు పూయదు, మూడు రోజుల పువ్వులు ఒకచోట ఉంటాయి. తెల్లగా ఉన్న మొదటి రాత్రి పెద్ద రెక్కల పురుగులు, పొడుగు తొండంతో గాలిలో నిలబడి తేనె తాగేవి, వస్తాయి. ఎర్రబడ్డాక పగటిపూట తేనెటీగలు, చిన్న పిట్టలు వస్తాయి. మా చిన్నది ఒక గుత్తికి దారం కట్టి గుర్తు పెట్టి మూడు రోజులు లెక్క చూసింది, మీ ఇంట్లో బడిపిల్లలుంటే వాళ్లకూ ఈ పని చెప్పండి.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. నర్సరీలో దీన్ని రంగూన్ క్రీపర్ అంటారు, హిందీ మాట్లాడే పనివాళ్లు మధుమాలతి అంటారు. మాధవీలత అని అడిగారంటే వేరే మొక్క చేతిలో పెడతారు, అది వేరే తీగ. ఒంటి రేకుదీ ముద్దదీ రెండూ దొరుకుతాయి. ముద్ద చూడటానికి నిండుగా ఉంటుంది, నాకు మాత్రం ఒంటి రేకే ఇష్టం, గాలికి ఊగుతుంటే దాని అందం వేరు.

మొదటి పని: ఎండ లెక్కపెట్టండి

మొక్క కొనకముందే ఒక ఆదివారం ఇంట్లో ఉండి, గేటు దగ్గర ఎండ ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు పోతుంది అని చూడండి. నేరుగా ఎండ ఆరు గంటలు పడితే కాగితం పూలు పెట్టండి. నాలుగు గంటలే ఉంటే, లేదా పక్కింటి రెండో అంతస్తు నీడ మధ్యాహ్నానికే వచ్చేస్తుంటే, రాధామనోహరం వైపు వెళ్లండి. నీడలో కాగితం పూల చెట్టు చావదు, పూయదు, అంతే. పడమటి గోడ, మే నెలలో చెయ్యి పెడితే కాలే గోడ, కాగితం పూలకు మంచి చోటు. రాధామనోహరానికి ఆ చోట కుండీలో పెడితే ఆకుల అంచులు మాడతాయి, నేలలో అయితే తట్టుకుంటుంది.

రెండోది నీళ్లు. వేసవిలో బోరు అడుగంటి ట్యాంకర్ తెప్పించుకునే కాలనీ అయితే ఆలోచనే వద్దు, కాగితం పూలే. ఒకసారి వేరు పట్టాక అది వానల మధ్య నెలల తరబడి ఎండను భరిస్తుంది, ఇక్కడి నుంచి హైదరాబాద్ పోయే రోడ్డులో డివైడర్ల మీద పొగలో దుమ్ములో పూసేది అదే కదా.

మూడోది మీ ఇంట్లో మనుషులు. చిన్న పిల్లలు గేటు పట్టుకుని ఊగే ఇల్లయితే కాగితం పూల ముళ్లు ఆలోచించాలి. ఆ ముల్లు గీరుకుంటే కొందరికి దద్దు లేచి మంట పుడుతుంది. రాధామనోహరానికి అట్లాంటి ముళ్లుండవు అంటారు గానీ పూర్తిగా నిజం కాదు, ఆకు రాలినా దాని కాడ మొదలు కొమ్మ మీదే గట్టిపడి కొక్కెంలా మిగులుతుంది, పాత కొమ్మల్లో చెయ్యి పెడితే తెలుస్తుంది. ఇంకో మాట, రాధామనోహరానికి మన దగ్గర కాయలు అరుదుగా పడతాయి, పడితే మాత్రం పిల్లల్ని వాటి గింజలు నోట్లో పెట్టుకోనివ్వకండి.

ఇక కోతులు. వరంగల్‌లో ఉండి కోతుల సంగతి చెప్పకపోతే ఎట్లా. మా గల్లీలో గుంపు దిగితే రాధామనోహరం పట్టుకుని ఉయ్యాల ఊగి, లేత చివర్లు విరిచి పారేసి పోతాయి. కాగితం పూల జోలికి మాత్రం పోవు, ఒకటి రెండుసార్లు గుచ్చుకుని ఉంటుంది. ప్రహరీ మీదుగా ఇంట్లోకి దిగే దారి ఉంటే ఆ దారిలో కాగితం పూలు పెట్టండి.

మొక్క తెచ్చేటప్పుడు

ఇక్కడి నర్సరీల్లో ఉండే మొక్కల్లో చాలా వరకు గోదావరి వైపు కడియం నుంచి లారీల్లో వస్తాయి. కవరు విప్పితే వేర్ల చుట్టూ నల్లటి జిగురు మట్టి ముద్ద ఉంటుంది. ఎండితే రాయిలా బిగుసుకుంటుంది, తడిస్తే ఆరదు. దాన్ని ఏం చేయాలో నాటే దగ్గర చెప్తాను, ముందు ఎంచుకోవడం చూద్దాం.

పూలు నిండుగా ఉన్న మొక్క చూసి పడిపోకండి. కాగితం పూలైతే పూసి ఉన్నప్పుడే రంగు తెలుస్తుంది కాబట్టి నాలుగు పూలున్నది తీసుకోండి చాలు, కింద కాండం మీ చూపుడు వేలంత ఉందా, మొదట్లో కుళ్లు లేదా అని చూడండి. కవరు అడుగున చిల్లుల్లోంచి వేర్లు బయటికొచ్చి నేలలో దిగి ఉంటే ఆ మొక్క వద్దు, నర్సరీవాళ్లు పీకి ఇస్తారు, ఇంటికొచ్చాక అలుగుతుంది. రకాల్లో ముద్దగా పూసే మహారా ఉంది, ఒకే చెట్టుకు తెల్లవీ గులాబీవీ పూసే మేరీ పామర్ ఉంది, అట్లాగే పూస్తూ ఆకు మీద పసుపు మచ్చలుండే తిమ్మ ఉంది. గేటు ఆర్చి మీదికి మామూలు రాణీ రంగుదే గట్టిది, త్వరగా ఎక్కుతుంది. ఆకు మచ్చల రకాలు మెల్లగా పెరుగుతాయి, వాటిని కుండీకి ఉంచండి.

రాధామనోహరం చిన్న మొక్క చాలు. పెద్దది తెచ్చినా చిన్నది తెచ్చినా రెండేళ్లకు ఒకటే అవుతుంది.

గుంత

నాటడానికి మంచి రోజులు మిరుగం కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక. అంటే జూన్ చివర, ఆరుద్ర కార్తె. రోహిణిలో నాటకండి, ఎంత నీళ్లు పోసినా లాభం లేదు, రోళ్లు పగిలే ఎండలో కొత్త వేరు ఏం నిలబడుతుంది. కానీ గుంత మాత్రం మే నెలలోనే తవ్వి ఎండకు వదిలేయండి.

కాగితం పూలకు అడుగున్నర పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. రాధామనోహరానికి రెండడుగులు. గేటు పక్క తవ్వుతుంటే ఏం బయటపడతాయో మీకు తెలుసు, సిమెంటు గడ్డలు, ఇటుక ముక్కలు, సున్నం, మేస్త్రీ కడిగిన గమేళా అడుగు. ఇవన్నీ ఏరి పారేయండి, బద్ధకించి అందులోనే నాటితే కాగితం పూల ఆకులు ఈనెలు పచ్చగా, మిగతాదంతా పసుపుగా అవుతాయి. ఆ మొక్కకు కొంచెం పులుపు నేల ఇష్టం, సున్నం పడదు, మన బోరు నీళ్లలో ఎట్లాగూ ఉప్పు ఉంది, దానికి సిమెంటు తోడైతే ఇక ఇనుము వేరుకు అందదు. ఇప్పటికే అట్లా అయిపోయిన చెట్టుంటే లీటరు నీళ్లకు ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకుల మీద సాయంత్రం పూట కొట్టండి, వారానికోసారి రెండు మూడుసార్లు. ఎరువుల దుకాణంలో రెండూ దొరుకుతాయి. గోడ మీదా బండల మీదా పడనివ్వకండి, తుప్పు మరక పోదు.

నేల చల్క అయితే మీ అదృష్టం, తవ్విన ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల పెంట ఒక పాలు, ఇసుకో సన్న మొరమో ఒక పాలు, రెండు పిడికిళ్ల వేపపిండి కలిపి నింపేయండి. వేపపిండి చెదల కోసం, మన చల్కల్లో చెద ఎక్కువ. రేగడి అయితే కాగితం పూలను గుంతలో కాకుండా గుట్ట మీద నాటండి, అంటే నేల మట్టం కంటే అడుగు ఎత్తు ఎర్రమట్టి మెరక చేసి దానిమీద. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టి నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే రేగడి గుంతలో దాని వేరు కుళ్లుతుంది. వానకు నీళ్లు నిలిచే లోతట్టు కాలనీల వాళ్లు ఇది అసలు మరవకండి. రాధామనోహరం తడి నేలను బాగానే ఓర్చుకుంటుంది.

నాటడం

ఇక్కడే రెండింటికీ తేడా చూపించాలి. కాగితం పూల వేర్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి, మట్టిముద్ద పగిలితే సగం తెగిపోతాయి. కాబట్టి కవరును గుంతలో పెట్టాక బ్లేడుతో రెండు పక్కలా చీరి మెల్లగా లాగండి, ముద్దను నలపకండి, దులపకండి. కడియం జిగురు మట్టి అట్లాగే ఉండనివ్వండి, చుట్టూ మీరు వేసిన వదులు మట్టిలోకి వేర్లు అవే వస్తాయి, కాకపోతే మొదటి నెల ఆ ముద్ద ఎండిపోకుండా చూసుకోవాలి. చుట్టూ మట్టి తడిగా కనిపించినా లోపల ముద్ద పొడిగా ఉండొచ్చు, అందుకే మొక్క మొదట్లోనే నీళ్లు పోయండి.

రాధామనోహరానికి ఈ సుకుమారం లేదు. ముద్ద గట్టిగా ఉంటే ఒక బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టి, బయటి మట్టి వేళ్లతో కొంచెం వదులు చేసి నాటేయండి.

రెండూ పెట్టాలనుకుంటే మధ్య కనీసం ఎనిమిది అడుగులు వదలండి, గేటుకు చెరో పక్క అయితే సరిపోతుంది. ఒకే గుంతలో రెండూ పెడితే కలిసి పూస్తాయని ఎవరో చెప్పారట ఒకాయనకు, రాధామనోహరం ఏడాదిలో రెండోదాన్ని కప్పేసింది. గోడ పునాదికి అడుగున్నర దూరం ఉంచండి, సంపు పక్కన రెండూ వద్దు.

ఎక్కించడం

కాగితం పూల చెట్టు నిజానికి తీగ కాదు, పట్టుకోవడానికి దానికి చేతుల్లేవు, ముళ్లతో ఆనుకుని వాలుతుంది. మీరు కట్టకపోతే రోడ్డు మీదికి వాలి సైకిల్ మీద పోయే పిల్లల మొహాలకు తగులుతుంది. ఒకటి లేదా రెండు బలమైన కొమ్మలు ఉంచి, మిగతావి మొదట్లోనే కోసేసి, గేటు స్తంభం ఎత్తు దాకా నిటారుగా తీసుకెళ్లండి. సుతిలి తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. ఇనుప తీగతో కట్టి మరచిపోతే ఏడాదికి కొమ్మలోకి దిగిపోయి పై భాగం ఎండింది, నా అనుభవం. ఆర్చి ఎత్తు దాటాక చివర తుంచండి, అప్పుడు పక్క కొమ్మలు విచ్చుకుని గొడుగులా పడతాయి.

రాధామనోహరం నాటిన కొన్ని నెలలు పొదలాగే ఉంటుంది. ఎక్కడంలేదేంటి, వేరే మొక్క ఇచ్చారా అని టెన్షన్ పడకండి. దాని గుణమే అంత, మొదట పొద, తర్వాత ఒక్కసారిగా తీగ. దాని పాత లాటిన్ పేరు క్విస్‌క్వాలిస్ అంటే "ఎవరు? ఎట్లాంటిది?" అని అర్థం, పేరు పెట్టినాయన కూడా మనలాగే తికమకపడి ఉంటాడు. తీగ సాగడం మొదలయ్యాక వారానికోసారి చూసి దారి మళ్లించాలి. ఆర్చి గట్టిగా ఉండాలి, సన్న రేకు గొట్టాలతో చేసినది వానకు తడిసిన తీగ బరువుకు వంగుతుంది. వైరుకు మూడడుగుల దూరంలోనే దాన్ని ఆపేయాలి. మాది వైరును చుట్టుకున్న రోజు, ఫ్యూజు తీయించి, నిచ్చెన వేసి, గంటన్నర పట్టింది విడదీయడానికి. కరెంటు ఉండగా మీరు చెయ్యి పెట్టకండి, తడి తీగ అసలు ముట్టుకోకండి.

రెండింటికీ నేల నుంచి రెండడుగుల దాకా ఆకు, చెత్త లేకుండా శుభ్రంగా ఉంచండి. వానాకాలం పొద కింద ఏముందో కనబడాలి.

నీళ్లు

కాగితం పూలకు: నాటిన మొదటి ఏడాది వేసవిలో వారానికి రెండుసార్లు, నిండా. రెండో ఏడాది నుంచి వేసవిలో పది రోజులకోసారి పోసినా ఎక్కువే. పూయించే కిటుకు మాత్రం చలికాలంలో ఉంది. దసరా దాటి వానలు వెనక్కి పోయాక కత్తిరించి, కొత్త చిగుర్లు జానెడు వచ్చాక, డిసెంబర్ నడుమ నుంచి నీళ్లు ఆపండి. ఆకులు మధ్యాహ్నం ఒక్కటే కాదు, పొద్దున పూట కూడా కొంచెం వాలి కనిపించేదాకా ఆగండి. అప్పుడు ఒక బకెట్ పోయండి, మళ్లీ వాలేదాకా ఆగండి. ఇట్లా మూడు నాలుగు వారాలు. కొన్ని ఆకులు పసుపై రాలతాయి, రాలనివ్వండి. చిగుర్ల చివర చిన్న రంగు చుక్కలు కనిపించిన రోజు నుంచి మామూలుగా నీళ్లు ఇవ్వండి, రంగు వచ్చాక కూడా ఎండబెడితే పూలు తొందరగా రాలిపోతాయి. సంక్రాంతికి ముగ్గుల వేళకు మొగ్గ కనిపిస్తే శివరాత్రికి గోడ నిండుతుంది.

కుండీలో ఉన్నదానికి ఈ లెక్క వేరు. మే నెలలో పన్నెండు అంగుళాల కుండీ పొద్దున తడిపితే సాయంత్రానికి పొడి, కాబట్టి ఎండాకాలం రోజూ పోయాలి, లేకపోతే పూయడం కాదు, చస్తుంది.

రాధామనోహరానికి: మొదటి వేసవి రెండు రోజులకోసారి, తర్వాతి ఏళ్లలో వారానికి రెండుసార్లు, పాదు కట్టి, పాదులో ఎండుటాకులో వరిగడ్డో రెండు అంగుళాల మందం పరిచి. మధ్యాహ్నం రెండింటికి ఆకులు వేలాడేస్తాయి, చూస్తే జాలేస్తుంది, పైపు పట్టుకుని పరుగెత్తకండి. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ చూడండి, లేచి నిలబడితే నీళ్లు చాలినట్టే. లేవకపోతే అప్పుడు పోయండి. చలికాలంలో ఆకులు పసుపై రాలడం మామూలే, చచ్చిపోయిందని పీకేసినవాళ్లున్నారు. మార్చి దాకా ఆగండి.

కత్తెర

రెండూ కొత్త చిగురు మీదే పూస్తాయి, అందుకని రెండింటికీ కత్తెర కావాలి, కాలం మాత్రం వేరు.

కాగితం పూలను వానలు పోయాక, అక్టోబర్‌లో, మూడో వంతు కోయండి. వేసవి పూత అయ్యాక చివర్లు మాత్రం తుంచండి. వానాకాలం గట్టిగా కోస్తే ఒక్క పువ్వు లేకుండా ఆరడుగుల నీటి కొమ్మలు లేస్తాయి, మొదటి ఏడాది నేను అదే చేశాను. మొదట్లోంచి నిటారుగా, లావుగా, ఆకు దూరం దూరంగా లేచే కొమ్మ ఏ నెలలో కనిపించినా తీసేయండి. తోలు గ్లవ్స్ వేసుకోండి, నూలువి పనికిరావు, లేదంటే గోనెసంచి మడిచి పట్టుకోండి. కోసిన కొమ్మలు రోడ్డు మీద వదలకండి, ఎండిన ముల్లు సైకిల్ ట్యూబులోకి దిగిందంటే పొద్దున్నే పాలాయన శాపనార్థాలు మీకే.

రాధామనోహరాన్ని సంక్రాంతి తర్వాత, శివరాత్రి లోపు, ధైర్యంగా కోయండి. ఎంత ధైర్యంగా అంటే, పెద్ద కొమ్మలు నాలుగైదు ఉంచి మిగతా చిక్కంతా దింపేయాలి, చూసినవాళ్లు అయ్యో అనాలి. మార్చిలో చిగురిస్తుంది, ఎండలు ముదిరేసరికి మొదటి గుత్తులు, అక్కడి నుంచి బతుకమ్మ దాకా విడతలు విడతలుగా పూస్తూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కోశారంటే ఆ ఏడాది మొదటి పూత పోయినట్టే. ఆడపిల్లలు తెంపుకున్న గుత్తులు కూడా ఒకరకంగా కత్తిరింపే, వద్దనకండి.

ఈ లెక్కన చూస్తే చలి చివర నుంచి ఎండాకాలం దాకా ఒకటి, ఎండాకాలం నుంచి వానలు పోయేదాకా ఇంకొకటి. చోటుంటే రెండూ పెట్టండి అని నేను చెప్పేది ఇందుకే.

రాలే చెత్త గురించి కూడా చెప్పాలి. కాగితం పూలు గాలికి లేచి పక్కిళ్ల వాకిళ్లలోకి, కాలువలోకి పోతాయి, మొదటి వాన ముందు కాలువ జాలీ తీసి ఊడ్చుకోవాలి. రాధామనోహరం పూలు అక్కడే రాలి, తొక్కితే బండకు అతుక్కుంటాయి. ఊడ్చేవాళ్లను అడిగి నిర్ణయం తీసుకోండి, పూలు చూసేది ఒకరు, ఊడ్చేది ఇంకొకరు మన ఇళ్లల్లో.

ఎరువు, పురుగు

ఊళ్లో పత్తికి తెచ్చిన యూరియా మిగిలిందని ఒక పిడికెడు కాగితం పూల మొదట్లో వేస్తారు చాలామంది. వేయకండి. యూరియాతో ఆకు, ముల్లు రెండే పెరుగుతాయి. కత్తిరించినప్పుడు ఒకసారి రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు, మొగ్గ వేళకు పొటాష్ రెండు చెంచాలు మొదలుకు అడుగు దూరంలో, అంతే. రాధామనోహరానికి ఫిబ్రవరిలో ఒక గంపెడు మాగిన పెంట, మళ్లీ జూలైలో సగం గంప.

లేత చివర్ల మీద పేనుబంక, కొమ్మ సందుల్లో తెల్లటి పిండినల్లి, ఇవి రెండింటికీ వస్తాయి. చీమలు బారుగా పైకి పోతుంటే వీటిలో ఏదో ఒకటి ఉన్నట్టే, వెతకండి. ముందు పైపు నీళ్లతో గట్టిగా కడగండి, సగం పోతాయి. మిగిలితే లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. రాధామనోహరానికి కొట్టేదుంటే పొద్దున్నే ఎండ రాకముందు కొట్టండి, సాయంత్రం పూలు విచ్చే వేళకు కొడితే ఆ రాత్రి తేనెకు వచ్చే రెక్కల పురుగులకు పడుతుంది.

ఇంకొకరికి ఇవ్వాలంటే

మీది పూయడం మొదలయ్యాక అడిగేవాళ్లు వస్తారు. రాధామనోహరం అయితే మొదట్లో, కొన్నిసార్లు నాలుగడుగుల దూరంలో కూడా, పిలకలు లేస్తాయి. ఎట్లాగూ అవి తీసేయాల్సినవే, వదిలేస్తే రెండేళ్లలో అడవి. వాన పడిన మరుసటి రోజు గడ్డపారతో వేరు ముక్కతో సహా తీసి తడి గోనెలో చుట్టి ఇచ్చేయండి. పిలక లేకపోతే కింది కొమ్మను వంచి, ఒక కణుపు మట్టిలో కప్పి, పైన రాయి పెట్టి రెండు నెలలు మరచిపోండి.

కాగితం పూలకు కొమ్మ ముక్కలే దారి. జూలైలో పెన్సిలంత లావు, జానెడు పొడవు, ముదిరిన కొమ్మ తీసుకోండి. కింది కోత ఏటవాలుగా, పై కోత సమంగా ఉంటే ఏది తల ఏది మొదలు అనే తికమక ఉండదు. ఆకులన్నీ తీసేసి, ఇసుక, ఎర్రమట్టి సగం సగం కలిపిన కవర్లో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి నీడలో పెట్టండి. పది పెడితే ఐదారు బతికినా గొప్పే, అందుకని ఒకరికి ఒకటి ఇవ్వాలంటే మూడు గుచ్చండి. మూడు వారాలకు చిగుళ్లు వస్తాయి, అది కొమ్మలో దాచుకున్న బలం, కింద వేరు ఇంకా వచ్చి ఉండదు. ఆ సంబరంలో ఎండలో పెట్టినవాళ్లవీ, వేరు వచ్చిందా అని పీకి చూసినవాళ్లవీ ఎండిపోయాయి. కవరు అడుగు చిల్లులోంచి తెల్లటి వేరు కనిపించేదాకా, రెండు రెండున్నర నెలలు, తడి ఆరకుండా చూస్తూ ముట్టుకోకుండా ఉండండి. ఎదురింటి పెద్దమ్మ కోసం పోయిన జూలైలో గుచ్చినవి మూడు, బతికింది ఒకటి, ఇప్పుడు వాళ్ల బాత్‌రూం గోడ పక్కన మోకాలెత్తు ఉంది. దానికి నీళ్లెప్పుడు పోయాలో నేను చెప్పలేదు.